కనిపెట్టిన గూడు

గుంటూరు నుంచి ఉప్పలపాడు ఎనిమిది కిలోమీటర్లు. పిల్లలతో బయలుదేరితే మాత్రం పద్ధెనిమిది అనుకోవాలి. ఒకరికి దాహం వేస్తుంది. ఒకరి టోపీ ఎగిరిపోతుంది. ఇంకొకరికి కిటికీ పక్క చోటు కావాలి. ఆటోకి కిటికీ వుండదురా అంటే వినరు.

మొన్న మార్చి నెలాఖరున ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎండ కాస్త వాలిన తరువాత, ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకుని ఆ వూరి చెరువులో పక్షులను చూడబోయాను. మా అమ్మాయికి పదకొండేళ్ళు. మేనల్లుడికి పదమూడు. పక్కింటివారి అబ్బాయికి ఎనిమిది. ఈ మూడోవాణ్ణి వాళ్ళమ్మ నాకు అప్పగిస్తూ, “వాడి జేబులు కాస్త చూసుకుంటూ వుండండి మాస్టారూ” అని మరీ చెప్పింది. ఆ మాటకు అర్థం నాకు సాయంత్రానికి గాని తెలియలేదు.

ఉప్పలపాడు చెరువు పెద్దదేమీ కాదు. ఊరిని ఆనుకునే వుంది. నీళ్ళ మధ్య తుమ్మచెట్లు, ఆ చెట్లమీద ఆకులకంటె పక్షులే ఎక్కువ. గట్టెక్కి నిలబడగానే ముందు పలకరించేది వాసన. చేపల కంపూ, రెట్టల ఘాటూ కలిసి వచ్చే ఆ వాసనకు పిల్లలు ముక్కులు మూసుకున్నారు. అయిదు నిమిషాల తరువాత ఆ సంగతే మరిచిపోయారు.

అన్నిటికంటె పెద్దది గూడబాతు. వెనకటి రోజుల్లో ఇద్దరు మనుషులు చెరో పక్కా తాళ్ళు పట్టుకుని గుంటలోంచి చేలోకి నీళ్ళు తోడే బుట్టను గూడ అనేవారు. ఈ పక్షి ముక్కు కింద వేలాడే తోలుసంచిని చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పనక్కరలేదనిపిస్తుంది. నీళ్ళతోపాటు చేపలను ఆ సంచిలోకి తోడుకుంటుంది, నీళ్ళు వదిలేసి చేపలను మింగుతుంది. పిల్లకు మేత పెట్టేటప్పుడు పిల్లే తల్లి నోట్లోకి తల దూర్చి గొంతులోంచి తీసుకుంటుంది. ఆ దృశ్యం చూసి మా చిన్నవాడు, “అయ్యో, మింగేస్తోంది!” అని కేకపెట్టాడు. తల బయటికి వచ్చేదాకా వాడి ప్రాణం కుదుటపడలేదు.

పక్క చెట్టుమీద ఎర్రకాళ్ళ కొంగలు. పసుపుపచ్చని పొడుగాటి ముక్కు, తోక దగ్గర ఎవరో గులాల్ చల్లినట్టు గులాబిరంగు ఈకలు. కింది కొమ్మలమీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. కొడవలిలాంటి ముక్కుతో తెల్ల కంకణాలు, ముక్కు మూసినా మధ్య సందు మిగిలే నత్తగుల్ల కొంగలు కూడా వున్నాయి. ఆ నోటి సందు నత్తల్నీ గుల్లల్నీ పట్టుకోవడానికి పనికివస్తుంది.

ఇంత జనం వున్న చోట ఇంత గోల వుండడం సహజమే. కాని గమనిస్తే ఒక తమాషా తెలుస్తుంది. పెద్ద గూడబాతులు దాదాపు మూగవి. ఎర్రకాళ్ళ కొంగలకు కూడా గొంతు లేనట్టే, ముక్కు చెక్కలు రెండూ టకటక కొట్టుకుని మాట్లాడుకుంటాయి. అరుపులన్నీ పిల్లలవే. మా ఇంట్లోనూ అంతే అనుకున్నాను.

“వేరే చోటు లేనట్టు ఇక్కడే ఎందుకు పెట్టుకున్నాయి నాన్నా గూళ్ళు?” అన్నది అమ్మాయి. చుట్టూ నీళ్ళు వున్నాయి కనుక పిల్లీ కుక్కా చెట్టెక్కలేవు. చుట్టుపక్కల కాలువలు, మాగాణి చేలు వున్నాయి కనుక మేతకు కరువు లేదు. ఈ రెండూ వున్న చెరువులు మన జిల్లాల్లో చాలానే వున్నాయి. మూడోది ఒకటి కావాలి. ఊరివాళ్ళు రాయి వెయ్యకూడదు. శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం అనే ఊరు వుంది. అక్కడ ఈ పక్షులు రావడం ఊరికి శుభమని నమ్ముతారు. రాకపోతే దిగులు పడతారు. అలాంటి ఊళ్ళనే పక్షులు వెతుక్కుంటాయి.

అంతా శ్రద్ధగా విన్న మేనల్లుడు చివరకు పెదవి విరిచాడు. “ఇవన్నీ అందరికీ తెలిసినవే గదా మామయ్యా. బస్సులేసుకుని వచ్చి చూస్తున్నారు. మనం కొత్తగా కనిపెట్టింది ఏముంది?”

ఆ వయసులో ఆ కోరిక తప్పుకాదు. అయితే వాడికి ఒక కథ చెప్పాను. 1902లో కడప జిల్లాలో ఒక పల్లె దగ్గర గూడబాతులు గుంపుగా గూళ్ళు పెట్టే చోటు ఒకటి కనిపెట్టారు. ఆ తరువాత దాని జాడ మళ్ళీ ఎవరికీ దొరకలేదు. తరువాత 1946లో, తాడేపల్లిగూడెం వైపు, కొల్లేటికి చేరువలో, నీలకంఠన్ అనే మలయాళీ ఇంకొక చోటు కనిపెట్టాడు. ఆయన ఇంగ్లీషు పాఠాలు చెప్పిన అధ్యాపకుడు. తరువాత 1958లో ఇందుచూడన్ అనే పేరుతో కేరళ పక్షులమీద మలయాళంలో పేరుపొందిన పుస్తకం రాశాడు. ఆయన చూసేనాటికి అక్కడ సుమారు మూడువేల గూడబాతులు గూళ్ళు పెట్టుకుని వున్నాయి.

“ఇప్పుడు అక్కడికి వెళదామా?” అన్నాడు వెంటనే.

“ఇప్పుడు లేవురా. 1975 ప్రాంతానికల్లా అదీ లేకుండా పోయింది.”

“మరి కనిపెట్టి ఏం లాభం?”

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. నేలపట్టును 1976లో, కొల్లేటిని 1999లో పక్షుల రక్షితకేంద్రాలుగా ప్రకటించారనీ, ఇప్పుడు ఆటపాకలో గూడబాతులకు ఇనుప మంచెలు కట్టిపెడితే వాటిమీద గూళ్ళు పెడుతున్నాయనీ చెప్పాను. వాడికి తృప్తి కలగలేదు. “మనమే ఏదైనా గూడు కనిపెడదాం” అంటూ గట్టు దిగి చేలవైపు నడిచాడు. మిగతా ఇద్దరూ వాడి వెంట, వాళ్ళ వెంట నేను.

వరి తరువాత వేసిన మినుము పీకేసిన చేలు. బోడిగా, నెర్రెలిచ్చి వున్నాయి. గట్లమీద అక్కడక్కడ తాడిచెట్లు. ఒక చేలో కాలు పెట్టామో లేదో, నెత్తిమీద ఎవరో చీవాట్లు పెట్టినట్టు ఒకటే అరుపు. ఎర్రని తోలు రెండు కళ్ళముందూ మెరుస్తూ, నల్లని గొంతు, తెల్లని పొట్ట, పసుపుపచ్చని పొడుగుకాళ్ళు. తీతువు! ఒకటి కాదు, రెండు. గిరికీలు కొడుతూ మా తలలమీదికి దిగి, మళ్ళీ పైకి లేస్తున్నాయి.

“గూడు ఇక్కడే!” అని ముగ్గురూ అరుస్తున్నచోటికి పరుగెత్తారు. అక్కడ మట్టిగడ్డలు తప్ప ఏమీ లేవు. అది ఇంకొంచెం దూరం పోయి అరిచింది. వీళ్ళూ అక్కడికి పోయారు. మూడుసార్లు ఇలా మోసపోయిన తరువాత చెప్పాను. తీతువు గూటి దగ్గర అరవదు. గూటికి దూరంగా మనల్ని లాక్కుపోవడానికి అరుస్తుంది. దాన్ని కనిపెట్టాలంటే దాని వెంట పడకూడదు. దూరంగా పోయి నోరు మూసుకుని కూర్చోవాలి.

ఒక తాడిచెట్టు నీడలో కూర్చున్నాం. ముగ్గురు పిల్లలు ఇరవై నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవడం ఆనాడు నేను చూసిన మొదటి వింత. కాసేపటికి తీతువు చేలో వాలింది. నాలుగడుగులు పరుగెత్తి ఆగింది. ఏదో ఏరుకున్నట్టు నటించింది. మళ్ళీ పరుగెత్తింది. ఎటో చూసింది. చివరకు ఒక చోట ఒళ్ళు సవరించుకుని చతికిలబడింది. “ఆ కరెంటు స్తంభానికి సూటిగా, ఆ ఎండిన కంప దగ్గర” అని మా అమ్మాయి చూపు మరల్చకుండా గుర్తు చెప్పింది.

అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళాం. రెండడుగుల దూరంలోకి వచ్చినా ఏమీ కనిపించలేదు. తరువాత ఒక్కసారిగా కనిపించాయి. గూడంటే గూడేమీ లేదు. నేలమీద చిన్న గుంట, చుట్టూ నాలుగు రాళ్ళూ మేకపెంటికలూ. అందులో నాలుగు గుడ్లు. మట్టిరంగు, దానిమీద నల్లని మచ్చలు. సన్నటి కొసలు నాలుగూ లోపలివైపుకు, ఎవరో పీట చుట్టూ విస్తళ్ళు వేసినట్టు. నేలకూ గుడ్డుకూ తేడా లేదు. అడుగు తప్పితే చితికిపోయేవే.

“మనం కనిపెట్టాం!” అన్నాడు మేనల్లుడు. అరుపు కాదు, గుసగుస.

సుమారు నాలుగువారాలు వీటిని తల్లీతండ్రీ వంతులవారీగా పొదుగుతాయి. ఎండ ముదిరితే పొదగడం కంటె చల్లగా వుంచడమే కష్టం. అప్పుడు నీటికి పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లమీద కూర్చుంటాయి. పిల్లలు గుడ్డులోంచి వచ్చిన కొద్దిసేపటికే నడుస్తాయి. ఇదంతా చెప్పి, ఎండలో గుడ్లు మాడతాయి పదండి అని వెనక్కు తీసుకువచ్చాను.

అప్పుడే ఆ చేను చేసుకుంటున్న పెద్దాయన గట్టుమీద ఎదురయ్యాడు. భుజాన కండువా, చేతిలో కర్ర.

“ఏం పోగొట్టుకున్నారు మాస్టారూ, నా చేలో వెతుకుతున్నారు?”

పిల్లలు సంతోషం పట్టలేక చెప్పేశారు. ఆయన మొహం ముడుచుకున్నది. “తీతువా? దరిద్రప్పిట్ట. ఇంటిమీద అరిస్తే శవం లేస్తదంటారు. సరేలే, రేపు పొద్దున ట్రాక్టరొస్తంది. మొన్నటి జల్లుకి కాస్త పదునెక్కింది. ఇప్పుడు దున్నకపోతే మళ్ళా రాయైపోద్ది.”

పిల్లల మొహాలు చూడలేకపోయాను. మా అమ్మాయి అన్నది, “తాతా, మరి గుడ్లు?”

“దున్నేటప్పుడు ఎన్ని పగుల్తాయో తల్లీ! ఎవురు చూడొచ్చారు?”

ఆయన కఠినుడు కాడు. వున్నమాట చెప్పాడు. గంటకు ఇంత అని అద్దె పోసి ట్రాక్టరు తెచ్చుకునే మనిషిని, పిట్టకోసం దుక్కి ఆపుకోమని అడగడానికి నాకు నోరు రాలేదు. మాకు అది వినోదం, ఆయనకు వ్యవసాయం. ఏమనాలో తోచక పంచతంత్రంలో తీతువు కథ ఎత్తుకున్నాను. పాఠాలు చెప్పేవాడికి అంతకన్న ఏం చాతనవుతుంది?

సముద్రపుటొడ్డున తీతువుల జంట ఒకటి వుండేదట. ఇక్కడ గుడ్లు పెడితే సముద్రుడు కొట్టుకుపోతాడని పెంటి అంటే, వాడికంత ధైర్యమా అన్నాడట మొగుడు. ఆకాశం విరిగిపడకుండా కాళ్ళు పైకెత్తి పడుకునే పిట్ట కదా, దాని ధీమా దానిది. సముద్రుడు తమాషా చూద్దామని గుడ్లు ఎత్తుకుపోయాడు. తీతువు పక్షులన్నిటినీ పోగుచేసింది. పక్షులు గరుత్మంతుడి దగ్గర మొరపెట్టుకున్నాయి. గరుత్మంతుడు విష్ణుమూర్తితో చెప్పాడు. ఆయన బాణం ఎక్కుపెట్టేసరికి సముద్రుడు వణికిపోయి గుడ్లు తెచ్చి అప్పగించాడు.

పెద్దాయన కర్ర గడ్డం కింద ఆనించుకుని ఆసాంతం విన్నాడు. “సముద్రుడంతటోడే దిగొచ్చాడంటే నేనెంతలే!” అని నవ్వాడు. తరువాత చేలోకి నడిచి, దూరంనుంచే ఆ చోటు చూసుకుని వచ్చాడు. “నాలుగు చాళ్ళు వదిలేస్తే నాకు పోయేదేం లేదు. పక్కకి తోలమని డ్రైవరుకి చెబుతా.”

మేనల్లుడు ఆనందంతో, అక్కడొక కర్ర పాతి ఎర్రగుడ్డ కడతానన్నాడు. వద్దన్నాను. మనకు గుర్తయినది కాకికీ కుక్కకీ కూడా గుర్తే అవుతుంది.

“గుర్తెందుకు అబ్బాయ్? నా చేను నాకు తెలవదా?” అన్నాడు పెద్దాయన. “మీరు పోయిరండి. నేను కనిపెట్టి వుంటాలే.”

ఇరవై ఏళ్ళుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఆ మాట అప్పటికిగాని నాకు సరిగ్గా వినపడలేదు. మేనల్లుడు ‘కనిపెట్టాం’ అన్నాడు. పెద్దాయన ‘కనిపెట్టి వుంటా’నన్నాడు. ఒకే మాట. మొదటిది చూడనిదాన్ని చూడడం. రెండోది చూసినదాన్ని కాచుకోవడం. పొయ్యిమీద పాలున్నాయి, కాస్త కనిపెట్టి వుండమని ఇంట్లో ఆడవాళ్ళు రోజూ అంటూనే వుంటారు. కడప జిల్లాలోనూ కొల్లేటిలోనూ మొదటి పని చేసిన మనుషులు దొరికారు. రెండో పనికి దొరకలేదు. గట్టుమీద వాడు వేసిన ప్రశ్నకు సమాధానం దొరికింది. వాడికి చెప్పాను కూడా. తల వూపాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

రోడ్డుమీదికి వచ్చి పుచ్చకాయ ముక్కలు కొన్నాను. చిన్నవాడు ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి నిక్కరు జేబులోంచి బయటికి రాలేదు. మా అమ్మాయి నా మోచెయ్యి గిల్లింది. వాళ్ళమ్మ చెప్పిన మాట అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

“ఏముందిరా జేబులో?”

వాడి కళ్ళనిండా నీళ్ళు. మేము పెద్దాయనతో మాటల్లో వుండగా వాడు వెనక్కు పోయివచ్చాడు. తీసి చూపించాడు. పగలలేదు. అరచేతిలో వెచ్చగా పట్టుకుని వున్నాడు. “ట్రాక్టరు తొక్కేస్తుందన్నాడుగా! ఒకటైనా మనింట్లో పొదిగిద్దామని,” అన్నాడు వెక్కుతూ.

1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అడవిపక్షి గుడ్లు తియ్యడం కూడా వేటకిందికే వస్తుంది. ఎనిమిదేళ్ళవాడికి చట్టం ఏం చెప్పను? తిట్టడానికీ మనసొప్పలేదు. వాడి చిన్నిబుద్ధికి అది దొంగతనం కాదు, రక్షణ. అరగంట పైన అయింది. ఆటోవాణ్ణి ఆగమని చెప్పి అందరం వెనక్కు నడిచాం.

పొద్దు వాలిపోతున్నది. తీతువు మూడు గుడ్లమీద కూర్చుని వున్నది. మమ్మల్ని చూసి లేచిపోయింది. చిన్నవాడొక్కడే ముందుకు పోయాడు. గుడ్డును గుంటలో పెట్టి, ఒకసారి ఆలోచించుకుని, సన్నటి కొస లోపలివైపుకు తిప్పాడు. పరుగెత్తుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

“మనిషి చెయ్యి తగిలితే పక్షి ఇంక ఆ గుడ్డు ముట్టదని మా నాయనమ్మ అంటుంది” అన్నాడు మేనల్లుడు. మా నాయనమ్మ కూడా అనేది. చాలా పక్షుల విషయంలో అది నిజం కాదు. వాటికి మన వాసనతో పేచీ లేదు, మన రాకపోకలతోనే పేచీ. అయినా తాడిచెట్టు కింద నిలబడినంతసేపూ నా గుండె కూడా కొట్టుకుంటూనే వుంది. తీతువు వచ్చింది. గుంట చుట్టూ తిరిగింది. కూర్చుంది. మళ్ళీ లేచి, ముక్కుతో గుడ్లు సర్దుకుని, తిరిగి కూర్చుంది. ఎవరం ఏమీ మాట్లాడకుండా ఆటోలో ఇల్లు చేరాం.

ఆ తరువాత రోజూ సాయంత్రం చిన్నవాడు మా ఇంటికి వచ్చి, నా ఫోనులో పెద్దాయనతో మాట్లాడేవాడు. “తాతా, వుందా?” ఇదొక్కటే ప్రశ్న. “వుందిరా” అని ఆయన జవాబు. ఏప్రిల్లో ఒకనాడు ఆయనే ఫోను చేశాడు. “పిల్లలు లేచినై మాస్టారూ!”

ఆ ఆదివారం మళ్ళీ వెళ్ళాం. చేనంతా దున్ని వుంది. నల్లని చాళ్ళ మధ్య మంచమంత చోటు మాత్రం నాగలి తగలకుండా మిగిలింది. అవతల గట్టు దగ్గర తల్లి అరిచేసరికి, నేలమీద కదులుతున్న మూడు దూదిపింజలు ఉన్నచోటనే అణిగి మట్టిలో కలిసిపోయాయి. పెద్దాయన వాటిని చూపించే తీరు మనవల్ని చూపించినట్టే వుంది.

“రాత్రిళ్ళు మా ఇంటిమీదగా అరుస్తానే వుంటాయి. ఇదివరకు ఎవరికి మూడిందో అనుకునేవాణ్ణి. ఇప్పుడేమో, పిల్లల దగ్గరకి కుక్క గాని వచ్చిందేమో, లేచి చూద్దామా అనిపిస్తంది.”

చిన్నవాడు ఆ మాటలు వినడం లేదు. గుంట దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అందులో ఒక గుడ్డు మిగిలిపోయి వుంది. నాలుగోది, పొదగనిది. చేతులు రెండూ వెనక్కు కట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

“ఇది నేను తీసిందేనా మాస్టారూ?”

“చెప్పలేంరా. నాలుగింట్లో ఒకటి పిల్ల కాకపోవడం మామూలే.”

“కాని ఇదే అయివుండొచ్చు.”

“అయివుండొచ్చు” అన్నాను. అబద్ధం చెప్పి వుంటే వాడు నమ్మేవాడు కాడు.

ఉప్పలపాడు చెరువు అందరిదీ. పక్షులు గూళ్ళు పెట్టే రోజుల్లో పిల్లలను తీసుకుని తప్పకుండా వెళ్ళండి. గట్టుమీద నిలబడి ఎంతసేపైనా చూడండి. పెద్దాయన చేను ఎటువైపు వుందో మాత్రం చెప్పను. వచ్చే ఏడు అదే జంట అక్కడికే రావచ్చు.

ఇల్లు చేరేసరికి వాళ్ళమ్మ గుమ్మంలోనే ఎదురై, అలవాటు చొప్పున వాడి జేబులు తడిమింది. ఖాళీ.